వేడి ఎంతో గాజునే అడుగు

మహదేవపూర్,
ఆదివారం.



బిడ్డా శ్రావణీ, నువ్వు వాట్సాప్‌లో పంపిన పేపర్లన్నీ భూపాలపల్లి పోయినప్పుడు ప్రింటు తీయించుకొని చదివిన. ఫోన్‌లో అంత సన్నటి అక్షరాలు నా కండ్లకు ఆనుతలేవు. జవాబు కూడా అందులోనే కొట్టే ఓపిక లేక ఈ ఉత్తరం రాస్తున్న. మీ పెద్దమ్మ పక్కనే కూర్చొని, "పిల్ల ఎట్లున్నదో అడుగుండ్రి ముందుగాల, తిన్నదా లేదా అడుగుండ్రి" అని సతాయిస్తున్నది. తిన్నవా మరి? హాస్టల్ అన్నం సంగతి నాకు తెలుసు గనుక అడుగుడు కూడా దండుగే.

ఇగ నీ ప్రశ్న. అద్దం ముక్కల మీద సూరేకారంతో అయాన్ ఎక్స్ఛేంజ్ చేయాలి, మామూలు ఫర్నేసుకు బదులు మైక్రోవేవ్‌లో వేడి చేయాలి, ఎనిమిది గంటల పని రెండు గంటల్లో అయిపోతుందని పేపర్లు చెబుతున్నయి, మీ గైడ్ సారు ఇదే టాపిక్ ఇస్తానంటున్నడు, తీసుకోవాల్నా వద్దా అని కదా. తీసుకో. మంచి టాపిక్. కానీ ఆ "ఎనిమిది నుంచి రెండు" అనే మాట మీద నీకున్న మోజు చూస్తే నాకు జర భయమైంది. ఈ ఉత్తరమంతా ఆ మాట గురించే అనుకో.

ముందుగా అసలు పని ఏమిటో ఒకసారి చూద్దాం. నీకు తెలిసిందే అయినా, పాఠం చెప్పి చెప్పి అలవాటైన నోరు, ఊరుకోదు. కిటికీ అద్దంలో నూటికి డెబ్బై పైన పాళ్లు సిలికా, పదమూడు పద్నాలుగు పాళ్లు సోడియం ఆక్సైడ్, మిగిలింది సున్నం, తతిమ్మా సరుకు. సిలికా అల్లిక గట్టిగ నిలబడి ఉంటుంది. దాని సందుల్లో ఉన్న సోడియం అయాన్‌కు మాత్రం కదలిక ఎక్కువ. కరిగిన సూరేకారంలో, అంటే పొటాషియం నైట్రేటులో, ఈ అద్దాన్ని ముంచి 400 నుంచి 450 డిగ్రీల దగ్గర గంటల కొద్దీ ఉంచితే పైపొరలోని సోడియం బయటికి పోయి, దాని జాగలోకి పొటాషియం వచ్చి చేరుతుంది. సోడియం అయాన్ వ్యాసార్ధం 102 పికోమీటర్లు, పొటాషియంది 138. అల్లిక సాగదు, వచ్చింది చిన్నది కాదు. అందుకని పైపొరంతా ఒత్తుకొని బిగుసుకుంటుంది. అద్దం ఎప్పుడైనా పగిలేది పైనున్న కంటికి కనబడని గీత నోరు తెరుచుకుంటేనే. ఆ గీతను ఈ బిగువు మూసి పట్టుకుంటుంది. మామూలు అద్దంలో ఈ పొర లోతు పది, పదిహేను మైక్రాన్లు. తలవెంట్రుక మందంలో ఐదో వంతు, ఆరో వంతు. అంత పల్చటి పొర అద్దం బలాన్ని ఎన్నో రెట్లు పెంచుతుంది.

ఈ విద్య కొత్తదేమీ కాదు. యూరప్ చర్చీల రంగుటద్దాల్లో పసుపు రంగు చూసినవా ఎప్పుడైనా ఫోటోల్లో? పద్నాలుగో శతాబ్దం మొదటి నుంచి ఆ పసుపు వెండితో వేసేవారు. వెండి లవణాన్ని మట్టితో కలిపి అద్దం వెనుక పూసి కొలిమిలో కాలిస్తే, వెండి అయాన్ సోడియం జాగలోకి దిగి, లోపల సన్నటి వెండి రేణువులుగా మారి పసుపు ఇస్తుంది. మట్టి గీకేస్తే రంగు అద్దంలోనే మిగిలిపోతుంది. ఆ పనివాళ్లకు అయాన్ అనే మాట తెలియదు, పని మాత్రం తప్పకుండా వచ్చు. ఆ మట్టిపూత సంగతి గుర్తుంచుకో, ముందు ముందు పనికొస్తుంది. వెండి గాజులోకి ఎట్లా పాకుతుందో 1913లో షుల్జె అనే జర్మన్ శాస్త్రవేత్త కొలిచిండు. పెద్ద అయాన్‌ను దూర్చి అద్దాన్ని గట్టిపరచవచ్చని 1962లో అమెరికాలో కిస్ట్లర్ రాసిండు. ఏరోజెల్ అనే పొగలాంటి ఘనపదార్థాన్ని 1931లో కనిపెట్టింది కూడా ఈయనే. ఒక మనిషికి అంత తేలికైనదీ, ఇంత గట్టిదీ రెండూ దొరకడం చూస్తే నాకు ముచ్చటేస్తది. అదే 1962లో కార్నింగ్ కంపెనీ కెమ్‌కోర్ అనే గట్టి గాజు తెచ్చింది. అప్పట్లో కొనే దిక్కు లేక మూలకు పడింది. 2007లో ఐఫోన్ వచ్చినంక అదే విద్య గొరిల్లా గ్లాస్ పేరుతో లోకమంతా తిరిగింది. నీ చేతిలో ఫోన్ కింద పడ్డప్పుడల్లా నువ్వు పట్టుకునే గుండెకాయ సూరేకారం మీద ఆధారపడి ఉన్నదన్నమాట.

2023 సెప్టెంబరులో ఆ కార్నింగే 934 కోట్ల రూపాయలతో, 800 మందికి కొలువులతో తెలంగాణలో గొరిల్లా గ్లాస్ తయారీ పెడుతుందని ప్రకటన వచ్చినప్పుడు నేను పేపరు కత్తిరించి దాచిన. కొన్ని నెలలకే అది తమిళనాడు దిక్కు తిరిగింది. ఎందుకు తిరిగిందనేది రాజకీయం, నాకు వద్దు. నీలాంటి పిల్లలు ఈ పని తెలిసినవాళ్లు ఇక్కడ నలుగురుంటే ఇటువంటి కంపెనీ వచ్చిన్నాడు అక్కరకొస్తరు అన్నదే నా ఆశ.

మనోళ్లకు గాజుతో సంబంధం లేదనుకునేవు. శ్రీకాళహస్తి, రేణిగుంటల పక్కన పాపానాయుడుపేట అని ఉన్నది. ఇనుప గొట్టంతో గాజు ముద్దలోంచి సన్నటి బోలు తీగ లాగి, తుంచి పూసలు చేసే పాత విద్య ఆ ఊరిలో మొన్నమొన్నటి దాకా బతికి ఉంది. రెండు వేల ఏండ్ల కింద ఇటువంటి పూసలే దక్షిణ భారతం నుంచి ఆగ్నేయాసియా దాకా ఓడలెక్కినయి. ఆ పాత గాజులో సోడియం ఎక్కడిదనుకున్నవు? చౌడు నేలల మీద తెల్లగా పేరుకునే ఉప్పుదే. గ్రానైటు రాయి అరిగిన ఇసుక గనుక అందులో అల్యూమినా పాలు ఎక్కువ. నీ గొరిల్లా గ్లాసు కూడా అల్యూమినా ఎక్కువున్న గాజే, ఎందుకంటే అల్యూమినా ఉంటే క్షార అయాన్లకు తిరగడం సులువు, పొటాషియం లోతుకు దిగుతుంది. పూసల మేస్త్రీ నేల గుణాన్ని బట్టి చేసిన గాజు, కార్నింగ్ లెక్క కట్టి చేసిన గాజు ఒక్క విషయంలో దగ్గరి చుట్టాలన్నమాట. మన గోదావరి ఇసుక మాత్రం అద్దానికి పనికిరాదు. కాళేశ్వరం ఒడ్డున దోసిట్లోకి తీసుకొని ఎండకు పట్టి చూడు. తెల్ల రవ్వల మధ్య నల్లటివి, ఎర్రటివి, అభ్రకం తళుకులు కనబడతయి. ఆ నల్లటివాటిలో ఇనుము ఉంటుంది. ఇనుమున్న గాజు ఆకుపచ్చగ తేలుతుంది. ఆ ఇసుక కాంక్రీటుకే.

సరే, మైక్రోవేవ్. మన ఇంట్లో మీ అన్న కొన్న ఓవెన్‌లో గాజు గ్లాసు నీళ్లు పెట్టి తీసి చూడు. నీళ్లు మసులుతయి, నీటి మట్టానికి పైనున్న గాజు అంచు మాత్రం చేతికి చల్లగ తగుల్తది. సెకనుకు 245 కోట్ల సార్లు ఊగే ఆ తరంగం చల్లటి గాజులోంచి దాదాపు ఏమీ ఇయ్యకుండా, ఏమీ తీసుకోకుండా దాటిపోతుంది. రాడార్ కోసం 1940లో ఇంగ్లండులో పుట్టిన కావిటీ మాగ్నెట్రాన్ ముందు నిలబడితే జేబులో చాక్లెట్ కరిగిందని 1945లో స్పెన్సర్ అనే ఇంజనీరు పసిగట్టిన కథ అందరూ చెప్తరు. అప్పుడు అదే జేబులో గాజు గోలీ ఉంటే అది వేడెక్కేది కాదు, ఆయనకు ఏమీ తెలిసేది కాదు.

కానీ గాజు ఎప్పుడూ అట్లనే ఉండదు. వేడి పెరిగే కొద్దీ సోడియం అయాన్లు ఒక సందు నుంచి ఇంకో సందుకు గంతులేయడం మొదలుపెడతయి. ఆ గంతులే తరంగంలోంచి శక్తిని లాక్కుంటయి. వేడెక్కిన చోట ఎక్కువ లాక్కుంటుంది, ఎక్కువ లాక్కున్న చోట ఇంకా వేడెక్కుతుంది. ఒక్కచోట మొదలైతే అక్కడే ఎర్రగ కాలి కరిగిపోతుంది, పక్కన చల్లగనే ఉంటుంది. థర్మల్ రనవే అని నీ పేపర్లలో ఉన్నదే. ఇది వింతగా తోస్తే మన విశ్వవిద్యాలయాల పని చదువు. నాగార్జున విశ్వవిద్యాలయానికి నూజివీడులో ఉండిన పీజీ కేంద్రంలో వీరయ్య గారి బృందం ఏండ్ల తరబడి రకరకాల గాజుల డైఎలక్ట్రిక్ గుణాలు కొలిచింది. వాళ్లు కొలిచింది నీ మైక్రోవేవ్ పౌనఃపున్యంలో కాదు, వాళ్ల గాజులు కూడా వేరే. కానీ ఉష్ణోగ్రతతో గాజులో డైఎలక్ట్రిక్ నష్టం, అంటే గాజు మింగే శక్తి, ఎట్లా ఎగబాకుతుందో ఆ గ్రాఫులు చూస్తే ఇట్టే అర్థమవుతుంది. మామిడిపండ్ల ఊరని నవ్వకు, వాళ్ల పేపర్లలో నీకు పనికొచ్చేది చాలా ఉంటుంది.

ఇప్పుడు నువ్వు పంపిన పేపర్లలో నాకు నచ్చని సంగతి. వాటిల్లో ఒకదాంట్లో గాజును కరిగిన సూరేకారం గిన్నెలో ముంచి, గిన్నెతో సహా ఓవెన్‌లో పెట్టిండ్రు. ఒక్క నిమిషం ఆలోచించు. కరిగిన లవణం అంటే నిండా అయాన్లే, కరెంటు బాగా పారుతుంది. 400 డిగ్రీల దగ్గర దాని వాహకత మీటరుకు ఎనభై సీమెన్స్ అనుకొని స్కిన్ డెప్త్ లెక్కేస్తే మిల్లీమీటరు అటుఇటుగ వస్తుంది. అంటే తరంగం లవణం పైపొరలోనే చచ్చిపోతుంది. సెంటీమీటరు లోతున మునిగిన అద్దం మైక్రోవేవ్ ముఖం కూడా చూడలేదు! అది చూసింది వేడి లవణాన్ని మాత్రమే. ఫర్నేసు గోడకు బదులు తరంగం ఆ లవణాన్ని కాచింది, అంతే తేడా. అటువంటి ప్రయోగం చేసి "మైక్రోవేవ్ వల్ల అయాన్లు తొందరగ పాకినయి" అని రాస్తే ఎట్లా ఒప్పుకోవాలి?

అందుకే ఆ చర్చి పనివాళ్ల మట్టిపూత గుర్తుంచుకోమన్న. లవణాన్ని మట్టితోనో అల్యూమినా పొడితోనో కలిపి పల్చగ, మిల్లీమీటరులో సగం కంటే తక్కువ మందంగ పూస్తే తరంగం దాన్ని దాటి గాజును తాకుతుంది. అప్పుడు నువ్వు అడగాలనుకున్న ప్రశ్న అడిగినట్టవుతుంది. చల్లటి పొడి లవణం, చల్లటి గాజు రెండూ తరంగాన్ని పట్టుకోవు గనుక మొదట్లో వేడెక్కించడానికి, తరంగాన్ని పట్టుకునే సిలికాన్ కార్బైడ్ ముక్కలు చుట్టూ పెట్టుకోవాల్సి వస్తుంది. ఆ పద్ధతి అందరూ వాడేదే.

ఇగ ఎనిమిది గంటలు, రెండు గంటల సంగతి. వ్యాపన గుణకం ఉష్ణోగ్రతతో ఎక్స్‌పొనెన్షియల్‌గా పెరుగుతుందని ఇంటర్‌లో ఆరీనియస్ సమీకరణం చెప్పినప్పుడు నువ్వు ముందు బెంచీలోనే కూర్చున్నవు. ఉత్తేజన శక్తి మోలుకు 120 కిలోజౌళ్లు పెట్టుకొని చేతితో లెక్కెయ్యి. 400 నుంచి 420 డిగ్రీలకు పోతే గుణకం దాదాపు రెట్టింపు. 450కి పోతే నాలుగు రెట్ల పైన, నాకు 4.4 వచ్చింది. పొర లోతు సమయపు వర్గమూలంతో పెరుగుతుంది గనుక, గుణకం నాలుగు రెట్లయితే అదే లోతుకు నాలుగో వంతు సమయం చాలు. అంటే ఎనిమిది గంటల పని రెండు గంటల కంటే కొంచెం తక్కువలోనే అవుతుంది. ఏ మాయా అక్కరలేదు. నీ అద్దం 400 దగ్గరున్నదని నువ్వు అనుకున్నప్పుడు అది నిజానికి 450 దగ్గర ఉంటే చాలు. పేపర్లో గొప్పగ చెప్పిన లాభమంతా ఒక్క 50 డిగ్రీల పొరపాటులో ఇమిడిపోతుంది. మైక్రోవేవ్‌లో 50 డిగ్రీలు తప్పడం ఎంతసేపు?

నిజంగనే అక్కడ వేడి కొలవడం కష్టం. మామూలు థర్మోకపుల్ తీగ పెడితే అది యాంటెనా అయి కూర్చుంటుంది, నిప్పులు రాలుతయి, తప్పుడు అంకె చూపుతుంది. తొడుగు వేసి, ఓవెన్ గోడకు గట్టిగ ఎర్త్ చేస్తే కొంత నయం. దూరం నుంచి చూసే పైరోమీటర్ పైభాగాన్నే చూస్తుంది, లోపల ఇంకా వేడిగ ఉండొచ్చు. పైగా దగ్గరి పరారుణంలో గాజు సగం పారదర్శకం, ఆ పైరోమీటర్ గాజు గుండా వెనుకనున్న ఎర్రటి సిలికాన్ కార్బైడ్‌ను చూసి దాని వేడి చెప్పేస్తుంది. 5 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం పైన పనిచేసేది కావాలె, అక్కడ గాజు దానికి గోడ లెక్క కనబడుతుంది. మీ ల్యాబులో ఏది ఉన్నదో మొట్టమొదలు అది కనుక్కో. ఓవెన్ లోపల ఆరు సెంటీమీటర్లకు ఒక వేడి మచ్చ, ఒక చల్ల మచ్చ. ముక్క ఎక్కడ పెట్టినవో ప్రతిసారి గీసి పెట్టుకో.

తరంగం వేడికి మించి ఏమైనా చేస్తుందా అనే ఈ తగువు ముప్పై ఏండ్ల పాతది. 1990ల మొదట్లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో డేవిడ్ క్లార్క్ బృందం సోడియం అల్యూమినోసిలికేట్ గాజులో మైక్రోవేవ్‌తో పొటాషియం ఎక్కువ లోతుకు దిగిందని చెప్పింది. నమ్మినవాళ్లు కొందరు, కొలత తప్పన్నవాళ్లు కొందరు. విస్కాన్సిన్‌లో బూస్కె, కూపర్, ఫ్రీమన్ అనే ముగ్గురు దీన్ని తెలివిగ పట్టుకున్నరు. గాజు వదిలేసి ఉప్పు పలుకు, అంటే సోడియం క్లోరైడ్ స్ఫటికం తీసుకున్నరు. వేడెక్కే తీరిక లేనంత చిన్న చిన్న దెబ్బలుగ తరంగాన్ని పంపి, లోపల పారే కరెంటును కొలిచిండ్రు. తేలిందేమంటే, తరంగం అయాన్ల కాళ్లకు వేగం ఇయ్యలేదు, అంటే చలనశీలత పెరగలేదు. కానీ పైభాగం దగ్గర వాటిని ఒక దిక్కుకు నెట్టే అదనపు తోపుడు మాత్రం ఉన్నది. 1995లో ఫిజికల్ రివ్యూ లెటర్స్‌లో వచ్చింది. ఇది చదవకుండా నువ్వు ప్రయోగం మొదలుపెట్టొద్దు. బెంగళూరు ఐఐఎస్సీలో కె. జె. రావు గారి బృందం మైక్రోవేవ్‌తో గాజులు, ఘనపదార్థాలు నిమిషాల్లో తయారు చేసి, 1999లో కెమిస్ట్రీ ఆఫ్ మెటీరియల్స్ పత్రికలో పెద్ద సమీక్ష రాసింది. అది కూడా దగ్గర పెట్టుకో. ఆయన 'స్ట్రక్చరల్ కెమిస్ట్రీ ఆఫ్ గ్లాసెస్' పుస్తకం మీ లైబ్రరీలో ఉంటే ముందు అధ్యాయాలు మాత్రం చదువు, మిగిలింది అవసరమైనప్పుడు.

అయితే నువ్వు చేయాల్సింది ఏమిటి? నా ఆలోచన చెప్తున్న, మీ సారు ఒప్పుకుంటే చెయ్. థర్మామీటరును నమ్మలేనప్పుడు గాజునే థర్మామీటరుగ వాడు. ఒకే షీటు నుంచి కోసిన ముక్కలను, ఒకే పూతతో, మామూలు ఫర్నేసులో ఒకే సమయం పాటు ఉంచు. ఒకటి 400 దగ్గర, ఇంకోటి 420, తర్వాత 440, 450, 460. ఒక్కోదానిలో పొటాషియం ఎంత లోతుకు దిగిందో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో అడ్డకోత తీసి గీత వెంట కొలువు. దానితోపాటు పైపొర బిగువు కూడా కొలువు. ఇప్పుడు నీ చేతిలో మెట్ల నిచ్చెన ఉన్నట్టు. మైక్రోవేవ్ ముక్కను అంతే సమయం ఉంచి, తెచ్చి ఆ నిచ్చెనకు ఆనించి చూడు.

రెండూ ఎందుకు కొలవమన్ననో చెప్తా, అసలు కీలకం అక్కడే. వేడి పెరిగితే పొటాషియం లోతుకు దిగుతుంది, కానీ అల్లిక కూడా మెత్తబడి సర్దుకుంటుంది, బిగువు సడలుతుంది. మామూలు అద్దం 510 డిగ్రీల దగ్గరికి పోతే పట్టు వదిలేస్తది, దానికి చాలా కిందనే సడలింపు మొదలవుతుంది. మన దసలి పట్టుకాయలకు ఆవిరి పట్టేటప్పుడు చూసినవు కదా, వేడి చాలకపోతే లోపలి పురుగు బతికి కాయను తొలుచుకొని వస్తది, మించితే దారం పాడవుతది, రెండూ తప్పాలంటే వేడి నడుమనే నిలబడాలె. ఇక్కడ కూడా లోతు, బిగువు అనేవి ఒకే వేడికి రెండు వేర్వేరు సాక్ష్యాలు. నీ మైక్రోవేవ్ ముక్కలో లోతు 450 మెట్టు మీద, బిగువు కూడా 450 మెట్టు మీదనే కూర్చుంటే, బిడ్డా, అది 450 డిగ్రీల గాజు. ఓవెన్ మీద 400 అని ఎర్రంకె వెలుగుతున్నా సరే. కానీ లోతు 450 మెట్టు మీద ఉండి, బిగువు మాత్రం 400 మెట్టు మీద ఉన్నట్టు గట్టిగ ఉందనుకో, అప్పుడు తరంగం వేడి కాకుండా ఇంకేదో చేసిందన్నమాట. అప్పుడు మీ సారును లేపి కూర్చోబెట్టు. అట్ల వచ్చిందంటే ఆ ఫలితానికి ఎనిమిది గంటలా రెండు గంటలా అనే గోలే అక్కరలేదు.

నాకు తోస్తున్నదేమంటే మొదటిదే వస్తుంది, వట్టి వేడే అని తేలుతుంది. అట్ల తేలినా అది ఫలితమే. "మైక్రోవేవ్ మామూలు వేడికి మించి ఏమీ చేయలేదు, ఇదిగో కొలత" అని రాసిన థీసిస్‌కు మార్కులు తక్కువ పడతయని నీ దోస్తులు భయపెడితే నన్ను అడగమను. ఒక్కటి మాత్రం నిజం, వట్టి వేడే అయినా మైక్రోవేవ్ దండుగ కాదు. ఫర్నేసు ఇటుకలను కాచే కరెంటు మిగులుతుంది. సూది మందు గొట్టాల వంటి చిన్న వస్తువులకు అది పెద్ద మాట. న్యూయార్క్ రాష్ట్రం ఆల్ఫ్రెడ్‌లో భారతదేశంలో పుట్టిన అరుణ్ వార్ష్ణేయ అనే గాజు శాస్త్రవేత్త కంపెనీ, అలర్జీ వచ్చినవాళ్లు తొడకు పొడుచుకునే ఎపీపెన్ లోపలి గాజు గొట్టాలను ఈ అయాన్ ఎక్స్ఛేంజ్‌తోనే గట్టిపరిచింది. అది పగిలితే మందు కారిపోయి మనిషి పోతడు. ఎంత చిన్న వస్తువు, ఎంత పెద్ద పని.

ఇప్పుడు జర కోపంగ చెప్పే మాట. చదివి పడేయకు. సిలికాన్ కార్బైడ్ దొరకలేదని, చౌక అని, ఎవరో వీడియోలో చేసిండ్రని బొగ్గు పొడి గాని గ్రాఫైటు గాని సూరేకారం దగ్గర పెట్టినవంటే ఊరుకోను. దీపావళికి మీ బాపు, నేను చిచ్చుబుడ్లు ఇంట్లో కూరేటోళ్లం. సూరేకారం, గంధకం, బొగ్గు. ఆ మూడింట్లో రెండు నీ ఓవెన్‌లో ఉంటే దాన్ని ఏమంటరో నీకు తెలుసు. దూది, కాగితం, చెక్క, నూనె ఏదీ కరిగిన నైట్రేటు దరిదాపుల్లో ఉండొద్దు. వేడి లవణంలో నీటి చుక్క పడితే ఆవిరై చిమ్ముతుంది, ఒంటి మీద పడితే మచ్చ జన్మలో పోదు. తడి ముక్కను ముంచకు, పూత పూసినదాన్ని బాగా ఆరబెట్టినాకే పెట్టు. గోధుమరంగు పొగ కనబడితే నైట్రేటు విడిపోతున్నట్టు, స్విచ్ కట్టేసి కిటికీ తెరిచి బయటికి రా, లోపలికి తొంగి చూడకు. హాస్టల్ మెస్సులోని ఓవెన్‌ను ఈ పనికి వాడొద్దు. ఈ పనికి ఒకసారి వాడిన ఏ ఓవెన్‌లోనూ మళ్లీ అన్నం వేడి చేయొద్దు. ఇవన్నీ నీకు తెలుసని అనకు, తెలిసినోళ్లే కాల్చుకుంటరు.

ఇక్కడ అందరం కుశలం. శివరాత్రికి కాళేశ్వరంలో జనం మస్తుగ వచ్చిండ్రు, గాజుల దుకాణాలు ఈసారి గుడి దాకా వచ్చినయి. మీ పెద్దమ్మ నీకోసం ఆకుపచ్చ గాజులు తీసుకున్నది, ల్యాబులో వేసుకోవద్దని నేను, పండుగకు వేసుకోవాలని ఆమె. ఆ తగువు నువ్వొచ్చి తెంపు. మీ బాపు పొలం పనుల్లో ఉన్నడు, ఫోన్ చేయలేదని అనుకోకు. డబ్బులు కావాలంటే నన్ను అడుగు, వాణ్ని అడగకు, ఈ నెల వానికి ఎరువుల ఖర్చు ఉన్నది.

నీ నోటుబుక్కులో ప్రతి ముక్కకు ఒక పేజీ ఇయ్యి. ఏ మీటరు ఏ అంకె చూపిందో అది ఒక వరుసలో, గాజు చూపిన వేడి ఎంతో ఇంకో వరుసలో రాయి. రెండింటి మధ్య తేడా ఎంత వచ్చిందో మొదటి పది ముక్కలకు నాకు పంపు, ఫోటో తీసి పెట్టినా చాలు, ప్రింటు తీయించుకుంట.

ఇట్లు
నీ పెద్దబాపు

తా.క. కిటికీ అద్దాన్ని కరిగిన తగరం మీద తేల్చి చేస్తరు గనుక ఒక పక్కన తగరం అంటుకొని ఉంటుంది. ఆ పక్కన పొటాషియం తక్కువ దిగుతుంది, వెండి అయితే రంగు వేరే వస్తుంది. చీకట్లో 254 నానోమీటర్ల యూవీ ల్యాంపు వేసి చూస్తే తగరం పక్క పాలలాగ మెరుస్తుంది. ప్రతి ముక్కకు ఆ పక్కను డైమండ్ పెన్సిల్‌తో మూలన గుర్తు పెట్టుకొని, పూత ఎప్పుడూ రెండో పక్కనే పూయి. ల్యాంపును కంటితో నేరుగ చూడకు.